సవతికి వైద్యం

ల్యాప్‌టాప్ అడుగు మూత ఊడేముందు టక్కుమని చిన్న చప్పుడైంది. పాత పళ్ళ సెట్టు అంగిట్లోంచి ఊడొచ్చేటప్పుడు అయ్యే చప్పుడే అది. ముప్ఫై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసి బతికిన మేస్త్రీకి ఆ చప్పుడు ఎంత అలవాటంటే, కుడి చెయ్యి మూతను పట్టుకుని ఉండగానే ఎడమ చెయ్యి తనంతట తనే కింద పుడిసిలి పట్టేసింది, ఏమైనా రాలిపడతాయేమోనని. ఏమీ రాలలేదు. కాలిన దుమ్ము వాసన మాత్రం ముక్కుకు తగిలింది, చాలాకాలం వాడకుండా పెట్టిన ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంటే వచ్చే వాసన. "మూత వచ్చేసింది బావా" అన్నాడు పక్క కుర్చీలోంచి బామ్మర్ది, కళ్ళున్నవాడిగా తన వంతు పని తాను చేస్తూ. "నాకు తెలియదనుకున్నావా" అన్నాడు మేస్త్రీ. బామ్మర్ది డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాలి కింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని, లోకమంతా దేన్నో ఒకదాన్ని గుద్దెయ్యబోతోందన్న అనుమానంతో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాడు, అందుకే పని మొదలుపెట్టకముందే ఇద్దరికీ ఒప్పందం కుదిరింది, నువ్వు చూడు, చెప్పు, ముట్టుకోకు. ముట్టుకోవడం లేదు గానీ, స్క్రూడ్రైవరు జారినప్పుడల్లా టేబుల్ కింద అతని కుడికాలు నేలను గట్టిగా నొక్కడం వినిపిస్తూనే ఉంది.

చూపు ఒక్క రోజులో పోలేదు. కొరుకుడు సరిచూడటానికి పళ్ళ మధ్య ఒక నీలం కాగితం పెడతారు, ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ నీలం మరక పడుతుంది, మరక పడ్డచోట అరగదీస్తారు. ఒక ఏడాది ఆ మరకలు పడటం మానేశాయి. తన పనితనం అంతగా పెరిగిపోయిందా అని మేస్త్రీ లోలోపల మురిసిపోయాడు కూడాను, పళ్ళ డాక్టరు వరసపెట్టి సెట్లు వెనక్కి పంపేదాకా. మరకలు పడుతూనే ఉన్నాయి, తనకే కనిపించడం లేదు. కంటి నరం ఎండిపోతోందన్నారు, చుక్కల మందు వేశారు, ఆ చుక్కలూ అయిపోయాయి, చివరికి కిటికీ ఎటువైపు ఉందో తెలిసేంత వెలుగు మాత్రం మిగిలింది. ఆ రోజులు తల్చుకోవడానికి ఇవాళ తీరిక లేదు, రోట్లో తల దూర్చాక రోకటి పోటుకు వెరవడం ఎందుకని, బ్యాటరీ తీగ ఎక్కడుందో వేళ్ళతో వెతుకుతున్నాడు. ఇదిగో, ఇక్కడ, వెడల్పాటి తల, రెండు చెవులు. గోళ్ళతో రెండు చెవులూ పట్టి కొంచెం కొంచెంగా వెనక్కి జరిపితే ఊడింది, పాలపన్ను ఊడినంత తేలిగ్గా. "మెల్లగా" అన్నాడు బామ్మర్ది, అంతా అయిపోయాక.

ఈ ల్యాప్‌టాప్ ఆ పళ్ళ డాక్టరుగారిదే. తను కొత్తది కొనుక్కుని పాతది మేస్త్రీకి ఇచ్చేశాడు, ఇచ్చేముందు చదివి వినిపించే గొంతు ఒకటి అందులో ఎక్కించి పెట్టాడు. ఆడగొంతు. ఏడుపూ నవ్వూ తెలియని గొంతు, ఊరు మునిగిపోయిన వార్తా, ఆట గెలిచిన వార్తా ఒక్క తీరుగానే చదువుతుంది, మధ్యలో ఎక్కడ కామా ఉంటే అక్కడ కామా అని కూడా చెబుతుంది, ఒకావిడ చనిపోయారు కామా ఆమెకు ఇద్దరు కుమార్తెలు. మొదట్లో మేస్త్రీ బిత్తరపోయాడు, తర్వాత అలవాటు పడ్డాడు, ఆ తర్వాత వేగం పెంచుకుంటూ పోయాడు, ఇప్పుడు అది చదువుతుంటే పక్కవాళ్ళకి మూకుట్లో గింజలు వేగుతున్నట్టుంటుంది, అతనికి మాత్రం మాట మాటా విడివిడిగా అందుతుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి దానితోనే కాపురం. అందుకే భార్య దానికి సవతి అని పేరు పెట్టింది. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు ఆమెది, తాళంచెవులు బల్లమీద పడేస్తూ "ఏమంటోంది మా సవతి ఇవాళ" అని అడగందే చెప్పులు విప్పదు. ఒకసారి ఇంటికొచ్చిన కొత్తావిడెవరో ఆ మాట విని ఆ గదిలోకి భయంభయంగా తొంగిచూసిందట, టేబుల్ మీద ల్యాప్‌టాప్ తప్ప ఎవరూ లేకపోయేసరికి ఇంకా ఎక్కువ భయపడిందట.

ఆ సవతికి జ్వరం పట్టుకుంది. ముందు ఫ్యాను రొద మొదలైంది, తర్వాత అడుగున చెయ్యి పెడితే పెనం లాగా కాలడం, ఆ తర్వాత చదువుతూ చదువుతూ మాట మధ్యలో ఆగిపోవడం. మంత్రిగారు మాట్లాడుతూ, అంది ఒకనాడు, అంతే, గుటుక్కుమంది. మంత్రిగారు ఏం మాట్లాడారో మేస్త్రీకి ఇప్పటికీ తెలియదు, తెలియనందువల్ల జరిగిన నష్టమూ లేదు. రిపేరు షాపతను చేత్తో ఒకసారి ఎత్తి చూసి, దీని వయసైపోయింది సార్, పక్కన పడేసి కొత్తది కొనుక్కోండి అన్నాడు. కొనుక్కోవచ్చు, కాదని కాదు, కానీ ఈ గొంతు కొత్త వాటిలో పలకదట, అది చేసినవాళ్ళు దాన్నెప్పుడో వదిలేశారట. ఫోనూ చదువుతుంది, చదవకేం, అయితే ఆ గొంతు అత్తగారి ముందు నిలబడ్డ కొత్త కోడలిలా ఒకటే వినయం, దాన్ని వింటూ కూర్చుంటే పేపరు పూర్తయ్యేసరికి మర్నాటి పేపరు వచ్చేస్తుంది. అప్పుడు ఈ బామ్మర్దే అన్నాడు, మా స్కూల్లో కంప్యూటరుకీ ఇదే రోగం వచ్చింది బావా, లోపల చిప్పుకీ దానిమీది రాగిపలకకీ మధ్య ఒక పేస్టు ఉంటుందట, అదే వేడిని అటు దాటిస్తుందట, ఏళ్ళు గడిస్తే ఎండిపోతుందట, గీకి కొత్తది రాస్తే సరి. మేస్త్రీకి నవ్వొచ్చింది. రెండు గట్టి వస్తువుల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే ఏమవుతుందో ముప్ఫై ఏళ్ళు చూసినవాడు, ఇది వేరే ఎవరో చేసే పని కాదు, తన పనే.

కానీ అసలు చిక్కు వేరే ఉంది, అది బామ్మర్దికి చెప్పుకునేది కాదు. సవతి మూలపడ్డ మర్నాడు భార్య ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎవరో ఇచ్చిన ఒక లావుపాటి నవల తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఏం తోస్తుంది మీకు, నేను చదువుతాను వినండి, అంది. ఓడలో వంటవాడి కథ. వాడికి ఈ రేవులో ఒక ఇల్లాలు, ఆ రేవులో ఒక ఇల్లాలు, ఇద్దరికీ ఒకే రకం గొడుగు కొనిపెడతాడు, ఇద్దరికీ ఒకే అబద్ధం చెబుతాడు. ఆమె చదువు ఎలా ఉంటుందంటే, వంటవాడు ఓడ దిగి చుట్టూ చూశాడు, చూస్తాడు చూడక చస్తాడా, గాలి ఉప్పగా ఉంది, వాడి నోరు తియ్యగా ఉంటుందిలే, దూరాన ఒక స్త్రీ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, పిచ్చిమొద్దు. ఇందులో రచయిత ఎంతో, తన పెళ్ళాం ఎంతో మేస్త్రీకి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. వంటవాణ్ణి ఆమె తిడుతుంటే అతనికి కడుపుబ్బ నవ్వొస్తుంది, నవ్వితే ఆమెకి కోపమొస్తుంది, మీ మగవాళ్ళందరూ వాడి పక్షమే అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో రోజూ ఒక గంటసేపు ఎదురెదురుగా కూర్చున్నది లేదు. ఇప్పుడు కూర్చుంటున్నారు. రోజు మొత్తంలో ఆ గంట కోసమే తను ఎదురుచూస్తున్నాడు, పెళ్ళయిన కొత్తలో కూడా ఇంతగా ఎదురుచూడలేదు.

దానికి తోడు ఆ పన్ను. పెళ్ళికి ముందే ఆమె పై పన్నొకటి ముక్క విరిగితే డాక్టరు ఆమెను నేరుగా మేస్త్రీ లాబ్‌కి పంపాడు, రంగు కలుపుకోమని. పళ్ళన్నీ తెలుపే అనుకుంటారు జనం, ఎన్ని తెలుపులో తెల్లవార్లూ రంగు కలిపినవాడికి తెలుస్తుంది, పాల తెలుపు, కాగితం తెలుపు, ఎండుగడ్డిలోకి దిగే తెలుపు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నోరు తెరవండి, ఇటు తిరగండి, కొంచెం నవ్వండి అని, అవసరానికి మించి ఒకటికి రెండుసార్లు నవ్వించి, ఆ రంగు పట్టుకున్నాడు. చూపు పోయాక ఎన్నో రంగులు మసకబారాయి గానీ ఆ రంగు మాత్రం పోలేదు. ఆ పంటికి తొడిగిన క్యాపు వెంట్రుకవాసి పొట్టిగా కుదిరింది, ఆ రోజుల్లో చెయ్యి తిన్నగా ఉంటేగా. అందువల్ల ఆమె సముద్రం అన్నప్పుడల్లా మొదటి అక్షరం పక్కనుంచి సన్నగా గాలి పోతుంది. మామూలు మాటల్లో వినపడదు, చదువుతుంటే వినపడుతుంది, ఆ నవల్లోనేమో పేజీకి నాలుగు సముద్రాలు. తన పనిలోని లోపం వింటూ ఇంత సంతోషపడ్డ పనివాడు ఇంకెక్కడైనా ఉంటాడా అనుకుంటాడు మేస్త్రీ.

మరి రిపేరెందుకు? ఎందుకంటే నిన్న రాత్రి వంటవాడు తుఫానులో చిక్కుకున్నప్పుడు ఆమె గొంతు బొంగురుపోయింది. పగలంతా కౌంటర్లో నీళ్ళు రాలేదన్నవాళ్ళకీ, వచ్చిన నీళ్ళు పచ్చగా ఉన్నాయన్నవాళ్ళకీ జవాబు చెప్పి చెప్పి వచ్చిన గొంతు. దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది. చాల్లే ఇవాళ్టికి అన్నాడు, ఫరవాలేదు అంది. ఆ ఫరవాలేదు అనే మాట కౌంటర్లో కూడా అలాగే అంటుంది ఆమె, అతనికి తెలుసు. నా కాలక్షేపం కోసం ఈమె గొంతు చించుకోవడమా అని రాత్రంతా సిగ్గుపడి, పొద్దున్నే బామ్మర్దికి ఫోన్ చేశాడు. పేస్టు తెమ్మంటే మూడు వారాలుగా రేపు మాపు అంటున్నవాణ్ణి ఇవాళ నిలదీశాడు, నువ్వు తేకపోతే నేనే ఆటో ఎక్కి బజారుకి పోతాను అన్నాడు. శనివారం, ఆమెకి ఒంటిపూట ఆఫీసు, వచ్చేలోపల అయిపోవాలి. వచ్చి, సవతి మాట్లాడటం విని, అమ్మయ్య అనుకోవాలి. ఆ అమ్మయ్య వినడానికి తను సిద్ధంగా ఉన్నాడా అంటే, లేడు. అక్కడే ఉంది చిక్కంతా.

ఫ్యాను ఊడదీస్తే దాని ముందు కిటికీ లాంటి సన్నటి రేకుల వరసలో దుమ్ము దుప్పటిలా అల్లుకుని ఉంది. పట్టకారుతో ఒక మూల పట్టి లాగితే మొత్తం ఒకటే ముక్కగా వచ్చింది, మెత్తగా, వెచ్చగా, చిన్న ఎలుకపిల్లంత. "ఛీ, ఏంటి బావా అది" అన్నాడు బామ్మర్ది. "మీ అక్క సవతి ముక్కులో ఉన్నది" అన్నాడు మేస్త్రీ. తర్వాత రాగిపలక. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, ఒక్కొక్కటి కొంచెం కొంచెం వదులు చేసి పైకెత్తాడు. కింద చిప్పు, గోరంత గచ్చు, దానిమీద పాత పేస్టు గోడ సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. దూది స్పిరిట్‌లో ముంచగానే లాబ్ మొత్తం కళ్ళముందుకొచ్చింది, మైనం కరిగే దీపం, ప్లాస్టర్ అచ్చుల తడి, అరలో వరసగా ఎవరెవరివో నోళ్ళు. అత్తగారి నోరు కూడా ఆ అరలోనే ఉండేది. పెళ్ళయిన మూడో ఏట ఆవిడకి మొత్తం సెట్టు చేసిపెట్టాడు, ప్రాణం పెట్టి చేశాడు, బంధువులేమో అల్లుడు అత్తగారి పళ్ళు రాలగొట్టాడని ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. ఆవిడ ఆ సెట్టు బీరువాలో భద్రంగా దాచుకునేది. చుట్టాలొస్తే పెట్టుకునేది, అన్నానికి కూర్చుంటే తీసేసేది, అంత మంచి వస్తువు తిండికి వాడితే పాడైపోదూ అని. బామ్మర్దికి ఆ సంగతి గుర్తుచేస్తే ఇద్దరూ కాసేపు పని ఆపి నవ్వారు.

శుభ్రం చేశాక పేస్టు. పిచికారీ గొట్టం చేతికి ఇంపుగా ఉంది, లాబ్‌లో సిమెంటు గొట్టాల్లాగే. చిప్పు అంచులు చూపుడు వేలితో కొలుచుకుని మధ్యలో పెట్టాడు, పలక దించాడు, పన్ను మీద క్యాపు కూర్చోబెట్టినట్టు బొటనవేలితో అదిమాడు. "బావా, నాలుగు పక్కలా బయటికి కారుతోంది" అన్నాడు బామ్మర్ది. "నాలుగు పక్కలా సమంగా కారుతోందా" అన్నాడు మేస్త్రీ తృప్తిగా. అదే కదా గుర్తు, క్యాపు సరిగ్గా కూర్చుంటే సిమెంటు అంచుల చుట్టూ సమంగా పొంగాలి, ఆ పొంగిందాన్ని గీకి పారేస్తే పని అయినట్టు, ఇంకా నయం, అలవాటు కొద్దీ కాసేపు కొరికి పట్టుకోండి అనలేదు. బామ్మర్ది గొంతు సవరించుకుని, పేస్టు డబ్బా మీద బియ్యపుగింజంత చాలని రాసుంది బావా, అన్నాడు. "అది ముందు చెప్పొద్దూ." "ముట్టుకోకుండా చూడమన్నావు, చూశాను. చదవమనలేదుగా." అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుంటూ మేస్త్రీ మళ్ళీ నాలుగు స్క్రూలూ తీశాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఒక్కోసారి ఇలాగే మనిషిని పక్కదారి పట్టిస్తుంది. బూడిద రంగట ఆ పేస్టు, వెన్నలా చేతులకంటుకుని ఒక పట్టాన వదలడం లేదు.

తుడిచాక, పేస్టు లేకుండా ఉత్త పలకని ఒకసారి చిప్పు మీద పెట్టి చూశాడు. సెట్టు నోట్లో పెట్టేముందు అచ్చుమీద పెట్టి చూసుకోవడం పళ్ళవాళ్ళ పద్ధతి, ఈ మూల నొక్కితే ఆ మూల లేవకూడదు. నొక్కాడు. లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది, ఎంతో కాదు, బామ్మర్ది కళ్ళకి ఆనేంత కాదు. పలక తిరగేసి చూపుడు వేలి కొసతో, తర్వాత గోటితో, అంగుళం అంగుళం తడిమాడు. దొరికింది. పాత పేస్టు పెచ్చు, నువ్వుగింజలో సగం, రాగికి కరుచుకుని ఉండిపోయింది. ఒక ప్లీడరుగారికి సెట్టు కింద ఇంత గింజే ఇరుక్కుంది ఒకసారి, ఆయన నొప్పని చెప్పలేదు, ఊరికే అందరిమీదా అరిచాడు, కోర్టులో అరిచాడు, ఇంట్లో అరిచాడు, వాళ్ళావిడ పుట్టింటికి పోతానని మూట కట్టుకుంది, మేస్త్రీ ఆ గింజ తీసేసిన రోజు సాయంత్రానికి మూట విప్పింది. గింజ విలువ అతనికి తెలుసు. ఆ గింజ అక్కడుంటే పలక ఒక పక్కకి ఒరుగుతుంది, సందులో గాలి నిలుస్తుంది, సవతి పది రోజులు బాగానే పలికి మళ్ళీ వేడెక్కుతుంది, మళ్ళీ మాట మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఎవరేమంటారు? పాతదైపోయింది పాపం అంటారు. మేస్త్రీ శాయశక్తులా చేశాడు అంటారు. ఆమె మళ్ళీ కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

వేలు ఆ గింజ మీదే ఉంది. పాము చావదు కర్ర విరగదు, ఇంతకంటే మంచి ఉపాయం దేవుడు కూడా ఇవ్వడు. "ఏమైంది బావా, ఆగిపోయావు" అన్నాడు బామ్మర్ది. ఏమీ లేదన్నాడు. ఆమె చదవాలి, నాకు ఆమె చదవాలి, ఆ వంటవాడు ఏ రేవులో దిగబడిపోతాడో ఆమె నోటనే తెలియాలి, నాకింకే సరదాలున్నాయి గనక, ఒక్క గింజ, నేనేమీ చెయ్యక్కర్లేదు కూడా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే చాలు. ఇలా మనసు ఒక పక్క వకాల్తా పుచ్చుకుని వాదిస్తూనే ఉంది, రెండో పక్క గోరు ఆ గింజ కిందికి దూరనే దూరింది. ఆపుదామని చూశాడు, నిజంగానే చూశాడు, కానీ ఒరిగిన సెట్టుని తెలిసి తెలిసి నోట్లో పెట్టి పంపించిన పాపాన ఆ చేతులెన్నడూ పోలేదు, చూపు ఉన్నప్పుడు పోలేదు, ఇప్పుడెక్కడ పోతాయి. గింజ టిక్కుమని ఊడి టేబుల్ మీద ఎక్కడో పడింది. స్పిరిట్ దూదితో ఇంకోసారి తుడిచి, పలకని పెదవికి ఆనించి నునుపు చూశాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. మేస్త్రీకి తన చేతులమీద కోపమూ వచ్చింది, గర్వమూ వచ్చింది, రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోకుండానే బియ్యపుగింజంత పేస్టు పెట్టాడు.

పలక దించి, ఒక మూల స్క్రూ సగం, ఎదురు మూలది సగం, మిగిలిన రెండూ సగం సగం, మళ్ళీ మొదటిది. బామ్మర్ది కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, ఇరుకు సందులో ఎవరో కారు వెనక్కి తీస్తున్నంత శ్రద్ధగా. ఫ్యాను, తీగ, బ్యాటరీ, మూత. మూత చుట్టూ బొటనవేళ్ళతో నొక్కుకుంటూ వచ్చి, టకటక అన్నీ కూర్చున్నాక, తిరగేసి పెట్టి, బొత్తాం నొక్కాడు. ఇక్కడొక కష్టముంది, కళ్ళున్నవాడికి తెర వెలగ్గానే సగం ధైర్యం వస్తుంది, మేస్త్రీకి మాత్రం ఆ గొంతు నోరు విప్పేదాకా అది బతికిందో చచ్చిందో తెలియదు. తెర వెలిగింది బావా అన్నాడు బామ్మర్ది, ఏవో చుక్కలు తిరుగుతున్నాయి అన్నాడు. మేస్త్రీకి నమ్మకం కుదరలేదు. ఇన్నాళ్ళూ భార్య చదువుతుంటే చాలనుకున్నవాడు ఇప్పుడు ఒక్కసారి పలకవే తల్లీ అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాడు, మనిషి మనసంత అన్యాయమైంది ఇంకోటి లేదు. కింద వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు, పక్క వాటాలో కుక్కర్ కూత వేసింది. స్వాగతం కామా అంది సవతి.

బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ పేపరు తెరిపించి, మామూలు వేగం పెట్టి, అరచెయ్యి అడుగున ఆనించి కూర్చున్నాడు. మొదటి పేజీ దాటింది. ఎప్పుడూ ఆగిపోయే మంత్రిగారు దాటారు. ఆటలు, ధరలు, వాతావరణం, ఎన్నాళ్ళ తర్వాతో వివాహ ప్రకటనల దాకా వచ్చింది, అడుగున వేడి లేదు, బిడ్డ ఒంటిమీద చెయ్యి వేసినట్టు గోరువెచ్చగా ఉంది అంతే, ఫ్యాను ఉందో లేదో కూడా తెలియడం లేదు. బ్రహ్మాండంగా కుదిరింది. ఇంత బాగా కుదరడమేమిటని ఒకవైపు గుండె జారిపోతూనే ఉంది. అయిపోయింది, ఇవాళ్టితో ఆ గంట అయిపోయింది. ఆమె విశ్రాంతి తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా, వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, తను చెవికి సవతిని తగిలించుకుంటాడు, మళ్ళీ ఇద్దరూ రెండు గదుల్లో. ఆ వంటవాడి సంగతి ఎప్పుడైనా భోజనాల దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. అద్దెకు రెండు గదుల ఇల్లు కామా నీటి సౌకర్యం కలదు, అంటోంది సవతి. మెట్ల మీద అడుగులు వినిపించాయి, మూడో అంతస్తు దగ్గర ఒకసారి ఆగి సంచి చెయ్యి మార్చుకునే అడుగులు.

తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది, తాళంచెవులు మాత్రం బల్లమీద పడలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. సవతి గుక్క తిప్పుకోకుండా ఇళ్ళూ, గదులూ, గ్యారేజీలూ అద్దెకిచ్చేస్తోంది. మేస్త్రీ ఆ అమ్మయ్య కోసం చెవులు రిక్కించాడు. "బాగైపోయిందా" అంది ఆమె. బాగైందన్నాడు. "పూర్తిగానా" అంది. "పూర్తిగా. చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉంది." ఆమె చెయ్యి పెట్టి చూడలేదు. తర్వాత ఆమె మొహం పక్కకి తిప్పినట్టుంది, గొంతు అటునుంచి వచ్చింది.

"ఒరేయ్, పుస్తకం అయ్యేదాకా ఆ పేస్టు దొరకలేదని చెప్పమన్నానా లేదా నీకు?"

"చెప్పానక్కా" అన్నాడు బామ్మర్ది, దిక్కులేనివాడిలా. "మూడు వారాలు అదే చెప్పాను. స్టాకు లేదన్నాను, షాపు మూసేశారన్నాను. పొద్దున్న ఫోన్ చేసి ఆటో ఎక్కి తనే పోతానంటే నన్నేం చెయ్యమంటావు? డబ్బా కారులో పెట్టుకుని తిరుగుతున్నానని బావకి నేను చెప్పలేదు, ఇప్పుడు గుట్టు నువ్వే బయటపెట్టావు."

"గొంతు బొంగురుపోయినా చదివాను కదరా, ఎందుకు చదివాననుకున్నావు" అంది ఆమె, ఎవరితో అంటోందో ఆమెకే తెలియనట్టు.

ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకే గంట కోసం కాచుకుని కూర్చున్నారన్నమాట, తను సిగ్గుపడుతూ, ఆమె తమ్ముడిచేత అబద్ధాలాడిస్తూ. ఒళ్ళంతా ఏదో తేలికైపోయింది, కిటికీవైపు ఉన్న ఆ కాస్త వెలుగు కూడా పెరిగినట్టనిపించింది. చెయ్యి చాచి ల్యాప్‌టాప్ తెర పట్టుకుని కిందికి వంచేశాడు. విశాలమైన వంటగది కామా, అంటూ ఉన్న సవతి మాట మధ్యలోనే ఆగింది.

"ఎక్కడిదాకా వచ్చాం మనం?" అన్నాడు.

"ముందు ఆ చేతులు కడుక్కు రండి" అంది ఆమె, కుర్చీ అతని ఎదురుగా లాక్కుంటూ.